గూడెంలో అతిథులను పెట్టుకోవాలంటే ముందు ఏది వద్దో తేల్చుకోండి

హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే 163 నంబరు హైవే మీద వానాకాలం ఆదివారం పొద్దున ఒక గంట నిలబడండి. కార్లే కార్లు. రామప్పలో కాసేపు, లక్నవరం వేలాడే వంతెన మీద నాలుగు ఫోటోలు, ఓపికుంటే వాజేడు వైపు బొగత జలపాతం దాకా, చీకటి పడేసరికి తిరుగు ప్రయాణం. మధ్యలో ఎన్ని కోయ గూడేలు దాటారో వాళ్ళకు తెలీదు, గూడేలకు మిగిలేదేమో చిప్స్ కవర్లు, సీసా పెంకులు.

ఇది టూరిస్టుల కోసం రాయడం లేదు. ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు గూడెంలో పుట్టి, డిగ్రీ అయిపోయి, "మన ఊళ్ళోనే అతిథులను ఉంచుకునే హోమ్‌స్టే ఏదన్నా పెట్టొచ్చు కదా" అని ఆలోచిస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రాస్తున్నా. తాడ్వాయి వైపు మా ఊళ్ళో మేం ఒకసారి మొదలుపెట్టి చెడగొట్టుకున్నాం, తర్వాత మళ్ళీ నిలబెట్టుకున్నాం, అందుకని ముందు చెడగొట్టుకున్న సంగతే చెప్తా.

మా దోస్తు ఒకడు మా వాగు వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టాడు. మంచి వీడియోనే. రెండో ఆదివారానికి పదకొండు కార్లు వచ్చాయి, ఎవరినీ అడగలేదు, చెప్పలేదు. ఒక బ్యాచ్ సౌండ్ బాక్స్ దించింది, ఇంకొక బ్యాచ్ చెప్పులేసుకుని మా దేవర గద్దె ఎక్కి సెల్ఫీ దిగింది. ఆ రాత్రి మా ఊరి పెద్ద పటేల్ తాత నన్ను పిలిచి తిట్టలేదు, "రేపటి నుంచి ఎవరూ రావద్దు" అని ఒక్క మాటన్నాడు. ఎనిమిది నెలలు ఎవరినీ రానివ్వలేదు. నాకు కోపం వచ్చింది అప్పుడు, తాత ఏదో పాతకాలం మనిషి అనుకున్నా. తప్పు నాదే, ఎందుకంటే ఏం చూపించాలా అని నెల రోజులు ఆలోచించిన నేను, ఏది చూపించకూడదో ఒక్క పూట కూడా ఆలోచించలేదు.

కాబట్టి మీ మొదటి పని రూములు కాదు, ఫేస్‌బుక్ పేజీ కాదు, గ్రామసభ. మనవి ఐదో షెడ్యూల్ ప్రాంతాలు, అంటే రాజ్యాంగం ఆదివాసీలకు ప్రత్యేక రక్షణ ఇచ్చినవి, 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ అంటే మండల కేంద్రంలో సంతకాలు పెట్టించుకునే కాగితం కాదు, మన గూడెం మనుషులు కూర్చుని మన ఆచారం, మన వనరుల గురించి మాట్లాడుకునే సభ. సాయంత్రం అన్నాలు తిన్నాక పెట్టండి, ఆడవాళ్ళు రాకపోతే వాయిదా వేయండి. నిజంగానే వాయిదా వేయండి, ఎందుకంటే రేపు అతిథి వస్తే బిందె మోసేది, పొయ్యి దగ్గర కూర్చునేది, ఇల్లు అలికేది వాళ్ళే, మగవాళ్ళం బైక్ మీద ఎదురెళ్ళి నమస్తే పెడతాం అంతే.

ఆ సభలో మొదటి ప్రశ్న ఇదే ఉండాలి: ఏది చూపించం? ఏ గద్దె, ఏ చెట్టు, ఏ పండుగ, ఏ ఇల్లు, ఏ దారి. భూమి పండుగ రోజు బయటివాళ్ళు ఉండొచ్చా? కొత్తలు, అంటే కొత్త పంట మొదటిసారి తినే రోజు ఉండొచ్చా? చావు జరిగితే వచ్చిన బుకింగ్ ఏం చేయాలి? ఇవన్నీ రిజిస్టర్‌లో రాసి తీర్మానం చేయండి. ఇట్లా మూసిపెడితే ఎవరొస్తారు అని మా కుర్రాళ్ళు అన్నారు. మేడారం చూడండి. రెండేళ్ళకోసారి మాఘమాసంలో లక్షల మంది వస్తారు. సమ్మక్కను తేవడానికి చిలకలగుట్ట ఎక్కేది మాత్రం కోయ పూజారులే, మిగతా లోకమంతా కింద ఎదురుచూస్తుంది. మంత్రులైనా కిందే. కేస్లాపూర్‌లో నాగోబా జాతర కూడా అంతే, మహాపూజ గోండుల్లో మెస్రం వంశం వాళ్ళది, కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ వాళ్ళ ఇంటి పని. దాన్ని ఎవరికోసమో మార్చుకోలేదు, అయినా జాతరకు జనం తగ్గలేదు.

ఆటపాటల సంగతి కొంచెం జాగ్రత్తగా మాట్లాడుకోండి. గుస్సాడీ గోండుల ఆట, దీపావళి దండారి పండుగ రోజుల్లో దీక్ష పట్టి, స్నానం కూడా మానేసి, నెమలి ఈకల టోపీ పెట్టి ఆడేది. మార్లవాయి కనకరాజు దాన్ని 1981లో ఢిల్లీ దాకా తీసుకెళ్ళాడు, 2021లో పద్మశ్రీ వచ్చింది, అంటే వేదిక మీద ఆడడమే తప్పని ఎవరూ అనరు. కానీ ఎండాకాలం రాత్రి ఎవరో భోజనం చేస్తుంటే పక్కన టోపీ పెట్టి ఎగరమంటే అది వేరే సంగతి. మా దగ్గర డోలు, రేలపాట మాకు బుద్ధి పుట్టిన రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు. ఉన్న రోజు వాయించినవాళ్ళకు, పాడినవాళ్ళకు విడిగా డబ్బు ఇస్తాం, అతిథి జేబులోంచి తీసి విసిరే నోట్లు మాత్రం తీసుకోం. ఫోటోలు కూడా అడిగే తీయాలి, పిల్లలవి అసలు వద్దు. బిస్కెట్లు పంచడం కూడా వద్దు, అది మొదలైతే నెల తిరక్కుండానే పిల్లలు బడి మానేసి కారు చప్పుడు కోసం చూస్తుంటారు.

ఇప్పుడు భూమి. ఇక్కడ కొంచెం గట్టిగా చెప్తా. నాలుగు వారాలు జనం రావడం మొదలైతే చాలు, తెల్ల చొక్కా వేసుకుని ఒకాయన దిగుతాడు, "అన్నా, పెట్టుబడి నాది, భూమి నీది, పేరు కూడా నీదే" అంటాడు. 1970లో సవరించిన భూబదలాయింపు చట్టం, మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం కదా, దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి పోదు. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో ప్రభుత్వం కూడా మన ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు మైనింగ్ లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. అంత బలమైన చట్టం ఉంది కాబట్టే వాళ్ళు చట్టం పక్కనుంచి, మన పేరు మీద వస్తారు. రిసార్టు నీ పేరున, కరెంటు బిల్లు నీ పేరున, అప్పు కాగితం కూడా నీ పేరున, లాభం మాత్రం హైదరాబాద్‌లో. ఖాళీ ప్రాంసరీ నోటు మీద, తెల్ల కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దని కూడా ఆ తీర్మానంలోనే రాసుకోండి. ఎవరొచ్చినా ఒక్కటే జవాబు చెప్పండి, "గ్రామసభలో మాట్లాడు." సగం మంది అక్కడే ఆగిపోతారు.

అడవిలోకి నడిపించాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, ముఖ్యంగా ఏటూరునాగారం అభయారణ్యం హద్దుల్లో. 2006 అటవీ హక్కుల చట్టం కింద సాముదాయక హక్కు పత్రం ఉంటే మాట్లాడేటప్పుడు బలం ఉంటుంది, అయినా రేంజ్ ఆఫీసుకు ముందే చెప్పి రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే నష్టపోయేది అతిథి కాదు, ముందు నడిచిన మన పిల్లాడు.

ఇల్లు ఎట్లుండాలి? ఉన్నట్టే ఉండాలి, మరుగుదొడ్డి తప్ప. మరుగుదొడ్డి మీద ఎంత ఖర్చు పెట్టినా దండగ కాదు. మా మొదటి ఇంట్లో తలుపుకు గడియ లేదు, ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, కానీ వచ్చిన ఆడపిల్లలు రెండో రోజు ఉండకుండా వెళ్ళిపోయారు. గడియ, బకెట్టు, మగ్గు, లైటు, తర్వాత నులక మంచం, ఉతికిన దుప్పటి, దోమతెర. దోమతెర మాత్రం మరిచిపోవద్దు, మన వైపు మలేరియా తెలిసిందే. తాగే నీళ్ళు కాచి చల్లార్చినవి. ఏసీ, టైల్స్, మన గోడల మీద బొమ్మలు చెరిపేసి వేసే ప్లాస్టిక్ పెయింటు, ఇవేవీ అక్కర్లేదు, అవి కావాలనుకున్నవాళ్ళకు వరంగల్‌లో లాడ్జీలు బోలెడు. 2024లో మొదలైన ధర్తీ ఆబా పథకంలో గిరిజన హోమ్‌స్టేల ముచ్చట కూడా ఉంది, కొత్త గదులకు ఇంటికి 5 లక్షల దాకా, ఉన్న ఇల్లు బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షలు. మీ ఐటీడీఏలో, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో అడగండి, ఏటూరునాగారమో ఉట్నూరో. కానీ డబ్బు వచ్చాకే మొదలుపెడదామని కూర్చోవద్దు, వచ్చింది కదా అని పది గదులు కట్టొద్దు. ఊరి మొత్తానికి రాత్రికి ఎనిమిది మంది చాలు అని మేం రాసుకున్నాం. తొమ్మిదో మనిషి వస్తే, ఎమ్మెల్యే చుట్టమైనా సరే, వచ్చే వారం రమ్మంటాం.

తిండి గురించి అందరూ టెన్షన్ పడతారు, అనవసరం. మనం తినేదే పెట్టండి. జొన్న గట్క, పప్పు, అడవి కూర, నాటుకోడి ముందే చెప్తేనే, మోదుగాకు విస్తరి. మా వదిన మొదట్లో సిగ్గుపడి ములుగు నుంచి బిర్యానీ తెప్పించింది. వచ్చినవాళ్ళు మర్యాదకు తిన్నారు, తర్వాత పొయ్యి దగ్గరికొచ్చి మీ కోసం వండుకున్నదేంటని అడిగి అది తిన్నారు. ఇప్పసారా మాత్రం అడిగినా పోయొద్దు, అమ్మొద్దు. పండక్కి మన దేవుడికి పెట్టుకునేది వేరు, బయటివాడికి గ్లాసు లెక్కన అమ్మేది వేరు, రెండోదాంతో ఎక్సైజ్ వాళ్ళు వస్తారు, గొడవలూ వస్తాయి.

పైసల లెక్క దగ్గర గూడేలు విడిపోతాయి, కాబట్టి ఇది అంకెలతో చెప్తా. ఆరుగురు ఒక రాత్రి ఉండి మూడు పూటలు తిన్నారు, మనిషికి 1200 అనుకుందాం, మొత్తం 7200. అందులో రెండు ఇళ్ళకు గదులు, సరుకులు కలిపి 4200. వండిన ఇద్దరికి చెరో 600. దారి చూపినవాడికి 600. ఊరి నిధికి 1000. ఫోన్, రిజిస్టర్ చూసేవాడికి 200. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ వండినవాళ్ళ కూలి ఇంటి డబ్బులో కలపొద్దు, ఇంటి డబ్బు మగవాళ్ళ చేతికే పోతుంది, కూలి ఆడవాళ్ళ చేతికి రావాలి. ఊరి నిధి ఖాతా మహిళా సంఘంలో ఇద్దరి సంతకాలతో బ్యాంకులో ఉంచండి, నెలకోసారి లెక్క సభలో గట్టిగా చదవండి, చదువురానివాళ్ళు వినేలా. అతిథులను వంతు ప్రకారం ఇళ్ళకు పంపండి, సర్పంచ్ ఇల్లయినా, నా ఇల్లయినా వంతే. నాకు ఇది కష్టంగానే ఉండేది మొదట్లో, అంతా నేనే తిరిగి చేశా కదా అని. ఆ ఆలోచన వచ్చిన రోజే నేను కూడా తెల్ల చొక్కా మనిషినైపోతున్నానని మా ఆవిడ అంది.

ఏడాదంతా తెరిచి ఉంచొద్దు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, తర్వాత తునికాకు, ఆ రోజుల్లో తెల్లారకముందే ఇళ్ళు ఖాళీ, అతిథికి నీళ్ళిచ్చే మనిషి కూడా ఉండదు. ఆ పని వదిలి అతిథుల మీద ఆధారపడితే, వాళ్ళు రాని ఏడు ఏం తింటాం? ఇది పక్క ఆదాయం, సేద్యం, అడవి తర్వాతే. ఇక వానాకాలం. టూరిస్టులు ఎక్కువగా వచ్చేది అప్పుడే, మనం ఎక్కువ భయపడాల్సిందీ అప్పుడే. 2023 జులై ఎవరూ మర్చిపోలేదు, వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన, జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి, ముత్యంధార జలపాతం చూడ్డానికి పోయిన పదుల మంది వాగు దాటలేక రాత్రంతా అడవిలో చిక్కుకున్నారు. మా నియమం ఏంటంటే, పైన వాన పడిందని కబురొస్తే వాగు దారి బంద్, నీళ్ళు కనబడకపోయినా బంద్. బంద్ చేసే అధికారం పశువులు కాసే పెద్దాయనకిచ్చాం, బుకింగ్ చూసే నాకు కాదు. డబ్బు వాపసు ఇచ్చేస్తాం.

అమ్ముకునేవి కూడా ఉంటే మంచిదే, కానీ మన చేత్తో చేసినవే. ఆసిఫాబాద్ జిల్లా ఉషెగాంలో ఓజులు అనే ఇత్తడి పనివాళ్ళు తేనెమైనంతో బొమ్మ చేసి, మట్టి పట్టించి, మైనం కరిగిన చోట ఇత్తడి పోస్తారు, ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మైనం దారం చుట్టడం ఒక గంట కూర్చుని చూసిన మనిషి ధర తగ్గించమని అడగడు. ఉట్నూరు ఆడవాళ్ళ ఇప్పపువ్వు లడ్డూ కూడా అట్లాంటిదే. మీ ఊళ్ళో వెదురు బుట్ట ఒక్కటే ఉంటే అదే పెట్టండి, బజారు నుంచి పూసలు తెచ్చి కోయ పూసలని అమ్మొద్దు.

విదేశీయులు వస్తే 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి, మిగతా అందరి గుర్తింపు కార్డు వివరాలు, ఫోన్ నంబరు రిజిస్టర్‌లో. ఇది పెద్ద పని కాదు.

అంతా అయ్యాక మొదటి అతిథులుగా తెలిసినవాళ్ళనే పిలవండి, హనుమకొండలో మీకు పాఠం చెప్పిన సారో, హాస్టల్ దోస్తులో, నలుగురు, ఒక్క రాత్రి, పూర్తి డబ్బు తీసుకుని. పొద్దున చాయ్ ఇచ్చి ఏం ఇబ్బంది పడ్డారో అడగండి, తర్వాత వాళ్ళు వెళ్ళాక వండినవాళ్ళను కూడా అదే అడగండి. మా సారు రాత్రి కోడి కూతకు నిద్ర పట్టలేదన్నాడు, దానికి మేం చేసేదేం లేదని చెప్పాం. మా వదినేమో చేతులు కడిగిన నీళ్ళు వాకిట్లోనే పోస్తున్నారని అంది. అందుకని చేతులు కడుక్కోవడానికి గిన్నెలు తోమే చోట ఒక రాయి వేయించాం.