మీ పాటకు సరిపోయే పియానో ప్లగిన్‌ను ఎంచుకోవడం ఎలా?

డెమో వీడియో చూసి పియానో ప్లగిన్, అంటే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో పియానోలా మోగే ప్రోగ్రామ్, కొనేయకండి. అందులో వాయించేది చేయి తిరిగిన కళాకారుడు, ఆయన చేతిలో ఏదైనా బాగానే పలుకుతుంది. మీ వేళ్లకు ఏది నప్పుతుందో ఒక్క సాయంత్రంలో తేల్చుకోవచ్చు.

1. ముందు కంప్యూటర్ సంగతి చూడండి. శాంపిల్ రకం ప్లగిన్లలో నిజమైన పియానో కీలను మెల్లగా, గట్టిగా నొక్కి చేసిన రికార్డింగులుంటాయి. అందుకే అవి బరువు. వాటిలో ఒకటైన కీస్కేప్ పూర్తిగా ఎక్కిస్తే 77 జీబీ దాకా పడుతుంది, ఎస్‌ఎస్‌డీ లేకపోతే విసుగొస్తుంది. పియానోటెక్ లాంటి మోడలింగ్ రకం తీగ, సుత్తి ఎలా కదులుతాయో అప్పటికప్పుడు లెక్కగట్టి ధ్వనిని పుట్టిస్తుంది. దానికి డిస్కు పెద్దగా అక్కర్లేదు, పని ప్రాసెసర్ మీద పడుతుంది.

2. మీరే వాయించి ఒక నిమిషం మిడీ (ధ్వని కాదు, ఏ కీ ఎప్పుడు ఎంత గట్టిగా నొక్కారన్న సమాచారం) రికార్డు చేసుకోండి. మెల్లని చోట్లు, గట్టి కార్డ్‌లు, పెడల్ అన్నీ ఉండాలి. ప్రతి ప్లగిన్‌లోనూ దాన్నే వినండి. వాల్యూమ్‌లు సమానం చేయడం మరవొద్దు, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది.

3. అసలు పరీక్ష ఒక్క కీ మీదే. పియానో రోల్‌లో (స్వరాలను గీసే తెరలో) మిడిల్ సి పెట్టి, వెలాసిటీని (కీ నొక్కే బలాన్ని) 20 నుంచి 120 దాకా ఐదేసి పెంచుతూ వరసగా గీయండి. కళ్లు మూసుకుని వినండి. ధ్వని క్రమక్రమంగా విచ్చుకోవాలి. ఒకచోట ఉన్నట్టుండి వేరే పియానోలా గెంతిందంటే అక్కడ లేయర్, అంటే ఒక్కో బలానికి చేసిన రికార్డింగ్, మారుతోందన్నమాట. నెమ్మది పాటలో ఆ గెంతు దాగదు. తర్వాత పెడల్ నొక్కి ఒకే స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. ధ్వని తోక చివర ఒకే ముక్క మళ్లీ మళ్లీ (లూప్‌లా) తిరుగుతున్నట్టు తెలిస్తే నేనైతే దాన్ని పక్కన పెట్టేస్తాను.

4. ఇప్పుడు కీబోర్డుతో వాయించండి. మెల్లగా నొక్కినా గట్టిగా మోగుతోందా? తప్పు ప్లగిన్‌ది కాకపోవచ్చు, ముందు వెలాసిటీ కర్వ్ (ఎంత బలంగా నొక్కితే ఎంత మోగాలో చెప్పే సెట్టింగ్) సరిచేయండి. ఆడియో సెట్టింగుల్లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు సిద్ధం చేసే ధ్వని ముక్క) 128 శాంపిల్స్ దగ్గర చిటపటలు రాకూడదు. హాఫ్ పెడల్ (పెడల్‌ను సగమే నొక్కడం) కావాలంటే ప్లగిన్‌తోపాటు మీ పెడల్‌కూ ఆ సదుపాయం ఉండాలి, ఆన్-ఆఫ్ స్విచ్ పెడల్‌తో అది కుదరదు.

5. పాటలో పెట్టి వినండి. ఒకసారి గాత్రం కింద పెద్ద కాన్సర్ట్ గ్రాండ్ పెట్టి, రెండు రోజులు బేస్, ట్రెబుల్ సర్దే ఈక్యూతో కుస్తీ పట్టాను. పల్లవిలో మాటలు తేలలేదు. చివరికి సన్నగా పలికే అప్‌రైట్ (నిలువు పియానో) పెట్టగానే గొంతు బయటికొచ్చింది. ఒంటరిగా విన్నప్పుడు ఆ గ్రాండే ఎంతో బాగుండేది! మోనోలోనూ (రెండు స్పీకర్ల ధ్వనినీ ఒకటిగా కలిపి) వినండి. దూరం మైకులు కలిపిన పియానో అక్కడ పలచబడొచ్చు.

6. డబ్బు పెట్టేముందు ఉచితమైనవి వాడండి. యమహా సి5 పియానో మీద 16 వెలాసిటీ లేయర్లతో చేసిన సాలమాండర్ గ్రాండ్‌తో పూర్తి పాటే చేయొచ్చు. పియానోటెక్ ట్రయల్‌లో కొన్ని కీలు మోగవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది. మూడో మెట్టు పరీక్షకు అది చాలు. కాంటాక్ట్ (శాంపిల్స్ మోగించే సాఫ్ట్‌వేర్) లైబ్రరీ కొంటుంటే, ఉచిత ప్లేయర్‌లో నడుస్తుందా లేక పూర్తి కాంటాక్ట్ కొనాలా అన్నది ముందే చూసుకోండి.