పచ్చజొన్న విత్తనం దాచేటప్పుడు

పచ్చజొన్న లాంటి పాత రకం మీ ఇంట్లో కాస్త మిగిలి ఉంటే వదులుకోకండి. విత్తనానికి కంకులు కోతకు ముందే, చేను నడుమ నుంచి ఏరండి. గట్టు పక్కవి వద్దు, పక్క చేలో హైబ్రిడ్ ఉంటే దాని పుప్పొడి పడి ఉండొచ్చు. నూర్చాక కుప్పలోంచి ఏరితే ఏది ఏ మొక్కదో ఎవరికి తెలుసు?

ఎండాక ఒక గింజ కొరికి చూడండి. టక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకో రెండు రోజులు ఎండబెట్టాలి. జహీరాబాద్ వైపు ఆడవాళ్లు పేడ అలికిన బుట్టలో బూడిద, వేపాకు కలిపి దాస్తారు. ప్లాస్టిక్ డబ్బా అయితే చెమ్మ అస్సలు ఉండకూడదు, బూజు పట్టేస్తుంది.

అన్నట్టు, మొత్తం మీ దగ్గరే పెట్టుకోకండి. ఓ రెండు కిలోలు పక్కింటి వదినకివ్వండి. మీ బుట్టకు పురుగు పడితే అడిగి తెచ్చుకోవచ్చు.