ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టే ముందు

"రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, పదో తరగతి మార్కుల దగ్గర్నుంచి ఏకరువు పెట్టి, విదేశాల్లో పీహెచ్‌డీ సీటు కోసం ఒకే మెయిల్‌ని నలభై మంది ప్రొఫెసర్లకి పంపిన ఘనుణ్ని నేను. ఒక్కరూ పలకలేదు. ఎలా పలుకుతారు? అందులో ఒకావిడని కూడా సర్ అనేశాను, ఇంకొకాయనకి వెళ్లినదాంట్లో పక్క ప్రొఫెసర్ పేరే ఉండిపోయింది.

అసలు మెయిల్ అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. అమెరికాలో బయాలజీ లాంటి ప్రోగ్రాముల్లో చాలాచోట్ల సీటు ఇచ్చేది కమిటీ. చేరాక మొదటి ఏడాది రెండు మూడు ల్యాబ్‌లు తిరిగి గైడ్‌ని ఎంచుకుంటారు కాబట్టి ముందే రాయకపోయినా కొంపేం మునగదు. ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం) లాంటివాటిలో మాత్రం ఎక్కువగా ప్రొఫెసర్ దగ్గర గ్రాంట్, అంటే రీసెర్చ్‌కి వచ్చిన నిధులు, ఉంటేనే సీటు. కెనడాలో చాలా యూనివర్సిటీలకు గైడ్ ముందే ఒప్పుకోవాలి, జర్మనీలో ప్రోగ్రామ్‌లో చేరకుండా విడిగా ఒక ప్రొఫెసర్ దగ్గరే పీహెచ్‌డీ చేసేవాళ్లకీ అంతే.

తర్వాత ల్యాబ్ పేజీ ఆసాంతం చదవండి. కొత్తవాళ్లని తీసుకోవట్లేదనో, సబ్జెక్ట్ లైన్‌లో ఫలానా మాట పెట్టమనో కొందరు అక్కడే రాసి ఉంచుతారు. మన బెజవాడ కన్సల్టెన్సీల్లో ఒకదాని దగ్గర డబ్బు కట్టి రెడీమేడ్ మెయిల్ తెచ్చుకున్నాడు మా ఫ్రెండ్. దాన్ని పంపినా ఒకటే, పంపకపోయినా ఒకటే.

రెండోసారి నేను ఆరుగురికే రాశాను. ఒక్కొక్కరిదీ ఒక పేపర్ తీసుకుని, అర్థమయ్యేదాకా వదల్లేదు. జవాబొచ్చిన మెయిల్ తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"నాది గుంటూరు. 2021లో మా మిర్చి తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు మీద ఎమ్మెస్సీ థీసిస్ చేశాను. మీ పేపర్‌లో ఆకుల మీది పురుగుల్నే లెక్కపెట్టారు. మా పొలాల్లో ఇది ఎక్కువగా పూలలో దాక్కుంటుంది, అక్కడిదాకా మందు సరిగ్గా చేరదు. పూలని కూడా లెక్కలోకి తీసుకుంటే ఫలితం మారుతుందా? వచ్చే ఫాల్ సెమిస్టర్‌కి స్టూడెంట్‌ని తీసుకుంటున్నారా? సీవీ జత చేశాను."

పొగడ్త లేదు, "చిన్నప్పట్నుంచి సైన్స్ అంటే ప్రాణం" లేదు. "డియర్ ప్రొఫెసర్" తర్వాత వాళ్ల ఇంటిపేరు రాస్తే చాలు. మన పేరు విషయంలోనే చిక్కు: పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్‌గా ఏది ఉంటే మెయిల్‌లోనూ, సీవీలోనూ అదే ఉంచండి, లేదంటే మీరు ఇద్దరు మనుషులైపోతారు.

అమెరికా అప్లికేషన్ల డెడ్‌లైన్లు చాలావరకు డిసెంబర్ 1 నుంచి 15 మధ్యలో పడతాయి, అందుకని ఆగస్టు చివర్లో మొదలుపెట్టి అక్టోబర్‌లోపు రాసేయండి. మనకి సాయంత్రం ఆరున్నర అంటే అప్పుడు అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది, పంపడానికి మంచి టైమ్. శుక్రవారం మాత్రం వద్దు. రెండు వారాలు చూసి, అదే మెయిల్ కింద రెండు లైన్లతో ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే వదిలేయండి, మళ్లీ మళ్లీ గోకితే చిరాకు పడతారు.

"తప్పకుండా అప్లై చేయండి" అని ఒక్క ముక్క వస్తే అది మర్యాద, మాట ఇచ్చినట్టు కాదు. "జూమ్‌లో మాట్లాడదామా" అంటే మాత్రం విషయం ఉన్నట్టే. నాకు ఆరుగురిలో ఇద్దరు పలికారు, ఒకరు కాల్‌కి పిలిచారు. సరిగ్గా ఆ రాత్రి మా వీధిలో కరెంటు పోయింది, ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగించేశాను. ఆయన ముప్పావు గంట అడిగింది మార్కులు కాదు, ఆ పూల సంగతే.