పాత క్యాసెట్ మ్యాగజైన్‌ను డిజిటల్‌లోకి ఎక్కించడం ఎలా

అచ్చు పత్రిక చేతికొస్తే ఎవరైనా చదువుకోగలరు. క్యాసెట్ మ్యాగజైన్ అంటే సంపాదకుడి మాటలు, కళాకారుల పాటలు కలిపి టేపు మీద తెచ్చిన పత్రిక. దాన్ని చదివేది డెక్కు, అంటే క్యాసెట్‌ను వినిపించి, రికార్డు చేసే యంత్రం. డెక్కు తప్పుగా చదివితే ఆ సంచిక చరిత్ర కూడా తప్పుగానే నమోదవుతుంది.

1973లో లండన్‌లో విలియం ఫర్లాంగ్ మొదలుపెట్టిన ఆడియో ఆర్ట్స్, 1980లో మెల్‌బోర్న్‌లో పుట్టిన ఫాస్ట్ ఫార్వర్డ్, 1983 నుంచి న్యూయార్క్‌లో వచ్చిన టెల్లస్ ఈ కోవలో పేరున్నవి. సింథసైజర్ సంగీతాన్ని నమ్ముకున్న చిన్న పత్రికలు చాలావరకు ఇళ్లలోనే తయారయ్యాయి. రెండు డెక్కులు కలిపి, అడిగినవాళ్లకు ఒక్కో కాపీ ఎక్కించి పోస్టులో పంపేవారు. అందుకే ఒకే సంచిక కాపీలు రెండు ఒకేలా వినిపించవు. దొరికితే రెండు మూడు కాపీలు పోగుచేసి, వాటిలో మంచిదాన్ని ఎంచుకోండి.

ముందుగా క్యాసెట్ పై అంచున ఉన్న రెండు చెవులూ విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా అప్పుడు ఏమీ చెరగదు. తర్వాత ఫెల్ట్ ప్యాడ్ చూడండి, అంటే టేపును హెడ్డుకు (శబ్దాన్ని చదివే భాగానికి) నొక్కి ఉంచే చిన్న మెత్త. దశాబ్దాలు గడిస్తే జిగురు ఎండి ప్యాడ్ ఊడిపోతుంది. టేపు హెడ్డుకు గట్టిగా ఆనదు, ట్రెబుల్ (పై స్థాయి సన్నని ధ్వనులు) పడిపోతుంది, శబ్దం ఊగుతుంది. ఐదు స్క్రూల పెట్టె అయితే విప్పి, మరో క్యాసెట్ ప్యాడ్‌ను స్ప్రింగుతో సహా అమర్చవచ్చు. అతికించిన పెట్టె అయితే అతుకు వెంట జాగ్రత్తగా పగలగొట్టి, రీళ్లను స్క్రూలున్న ఖాళీ పెట్టెలోకి మార్చాలి. తెల్లని బూజు కనిపిస్తే డెక్కులో పెట్టనే వద్దు, బూజు అందులోంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. బాగున్న టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టండి. చుట్టలు సమంగా వదులవుతాయి.

ఆటో రివర్స్ (క్యాసెట్ తిప్పకుండానే రెండో వైపు వినిపించే ఏర్పాటు) లేని డెక్కు మేలు. తిరిగే హెడ్డు కోణం నిలకడగా ఉండదు. హెడ్డునూ, టేపును లాగే సన్నని లోహపు కడ్డీ అయిన క్యాప్‌స్టన్‌నూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, డెక్కును అరగంట నడవనివ్వండి.

అసలు పని అజిమత్ దగ్గరుంది. హెడ్డులోని సన్నని చీలిక టేపుకు ఏ కోణంలో ఉందన్నదే అజిమత్. రికార్డు చేసిన డెక్కు కోణం మీ డెక్కు కోణంతో కలవకపోతే ట్రెబుల్ మాసిపోతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో తిరిగి తేలేరు. హెడ్డు పక్కన, కింద స్ప్రింగు ఉండే స్క్రూను అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా, పావు చుట్టు దాటకుండా తిప్పండి. కుడి, ఎడమ చానళ్లు రెండింటినీ మోనోగా (ఒకే శబ్దంగా) కలిపి వింటూ, శబ్దం ఎక్కడ అన్నిటికన్నా పదునుగా ఉందో అక్కడ ఆపండి. ఇక్కడ సంపాదకుడి మాటలే మీకు పెద్ద సాయం. సాధారణంగా అవి రెండు చానళ్లలోనూ సమానంగా ఉంటాయి, ‘స’కారం తేటపడగానే కోణం కుదిరిందని తెలుస్తుంది. వెడల్పుగా పరుచుకున్న సింథ్ ధ్వనిని నమ్మి సరిచేయకండి. ఖాళీ టేపు రొదా పనికిరాదు, కోణం మారినా అది మారదు. రెండో వైపుకు మళ్లీ చూడాల్సిందే. ఒక్క పాటే మసకగా ఉంటే ఆ నష్టం కళాకారుడు పంపిన టేపు దగ్గరే జరిగి ఉండవచ్చు, దాన్ని అలాగే వదలండి.

టేపు రొద తగ్గించే డాల్బీని అజిమత్ తర్వాతే ముట్టుకోండి. అది ట్రెబుల్ స్థాయిని బట్టి పనిచేస్తుంది కాబట్టి కోణం తప్పితే లెక్కంతా తప్పుతుంది. కవర్ మీద డాల్బీ గుర్తున్నా సరే, డాల్బీ లేకుండా ఒక కాపీ తప్పక తీసి ఉంచండి. ఈక్వలైజేషన్, అంటే టేపు రకాన్ని బట్టి డెక్కు ట్రెబుల్‌ను సరిచేసే అమరిక, మామూలు ఫెర్రిక్ టేపుకు 120 మైక్రోసెకన్లు, క్రోమ్ టేపుకు 70. క్రోమ్ టేపును 120కి రికార్డు చేసి మామూలు పెట్టెలో అమ్మినవీ ఉన్నాయి. వాటిని 70తో వింటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 4.5 డెసిబెల్స్ పోతాయి.

వేగం 1 శాతం తేడా పడితే శ్రుతి 17 సెంట్లు (వంద సెంట్లు ఒక అర స్వరం) జరుగుతుంది. ముందు 3150 హెర్ట్జ్ టెస్ట్ టేపుతో మీ డెక్కును సరిచూసుకోండి. తర్వాత రికార్డింగులో కరెంటు హమ్ (కరెంటు లైను వల్ల వచ్చే సన్నని గుయ్‌మనే శబ్దం) వెతకండి. బ్రిటన్, ఆస్ట్రేలియా టేపుల్లో అది 50 హెర్ట్జ్ దగ్గర, అమెరికా టేపుల్లో 60 దగ్గర ఉండాలి. అమెరికా టేపులో 61 చూపిస్తే టేపు 1.7 శాతం వేగంగా నడుస్తున్నట్టు. టేపు ఆపినా మిగిలే హమ్ మీ డెక్కుదే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒక వైపంతా ఒకే తేడా ఉంటేనే వేగం దిద్దండి. ఒక్క పాటే తేడాగా ఉంటే అది సింథ్ శ్రుతి జారడం కావచ్చు, కావాలని చేసిందీ కావచ్చు.

రికార్డింగ్ 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా చేయండి. గంటకు 2 గిగాబైట్లు దాటుతుంది. పీక్స్ (శబ్దం అన్నిటికన్నా ఎక్కువగా లేచే చోట్లు) మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. ఒక్కో వైపును మధ్యలో కోయకుండా ఒకే ఫైలుగా ఉంచండి. పాటల క్రమం, వాటి మధ్య ఖాళీలు కూడా పత్రికలో భాగమే. రొద తగ్గించే ఫిల్టర్లు అసలు ఫైలుకు వేయవద్దు. ఈ సంగీతంలో రొదను వాయిద్యంగా వాడినవారు ఎందరో, ఫిల్టర్‌కు ఆ తేడా తెలియదు.

కవర్, లోపలి కాగితాలు 600 డీపీఐలో స్కాన్ చేయండి. ఫైలు వివరాల్లో డెక్కు మోడల్, డాల్బీ, ఈక్వలైజేషన్, వేగం దిద్దుబాటు రాయండి. ఆ కాగితాల్లో కళాకారుల ఇంటి చిరునామాలు ఉంటాయి. బయట పెట్టే కాపీలో వాటిని చెరిపేయండి. పాటల హక్కులు ఇప్పటికీ వాళ్లవే కాబట్టి అనుమతి వచ్చేదాకా సంగీతం కూడా మీ దగ్గరే ఉండాలి.