కోనసీమ రోడ్డులో గాలం వేసే ముందు

రాజమండ్రి వైపు నుంచి కోనసీమ వెళ్తుంటే రావులపాలెంలో హైవే వదిలేసి కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురం వెళ్లండి. కొబ్బరి తోటలు, అరటి తోటలు, మధ్యమధ్య కాలువ. కాసేపు గాలం వేయాలనిపిస్తే పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కాక చేప ఎర ముట్టడం తక్కువ. గాలం కాలువలోనే వేయండి. రోడ్డు పక్క చెరువుల్లో చాలావాటిని కౌలుకిస్తారు, అడగకుండా వేస్తే గొడవే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అప్పుడు వెళ్లి లాభం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, జెల్ల చేప పడితే ఉత్త చేత్తో పట్టుకోవద్దు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి, మూడు ముళ్లుంటాయి. ఒకసారి మా అబ్బాయి ఆత్రంగా పట్టుకున్నాడు, బొటనవేలు సాయంత్రం దాకా సలుపుతూనే ఉంది. తడిపిన పాత తువ్వాలు చేప తల మీద కప్పి, ముళ్లు వెనక్కి అణిగేలా తల వైపు నుంచి పట్టుకుని, అప్పుడు గాలం తీయండి. గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెడితే నొప్పి తగ్గుతుంది. అందుకే ఫ్లాస్కులో వేడి నీళ్లు తప్పకుండా పెట్టుకోండి. పట్టిన చేపల్ని తడి గోనెసంచిలో చుట్టి నీడన ఉంచండి, కారు డిక్కీలో పెడితే మధ్యాహ్నానికే పాడైపోతాయి.