సోల్‌స్టిస్ క్యానియన్‌కి బయల్దేరే ముందు

లాస్ ఏంజిలెస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల ఇంటికి ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, డిస్నీల్యాండ్, హాలీవుడ్ చూడటం అయ్యాక ఎవరో ఒకరు "మాలిబూలో చిన్న ట్రెయిల్ ఉంది, అందరం నడవొచ్చు" అంటారు. చాలాసార్లు అది సోల్‌స్టిస్ క్యానియనే అవుతుంది. శాంటా మోనికా కొండల్లో, పసిఫిక్ కోస్ట్ హైవే నుంచి కారల్ క్యానియన్ రోడ్డులోకి తిరిగితే పార్కింగ్ కొద్ది దూరమే. చుట్టి వస్తే సుమారు 3 మైళ్లు, అంటే ఐదు కిలోమీటర్లు. దూరం చూస్తే భయపడాల్సింది ఏమీ లేదు. కానీ ఈ దారి మొదటి సగం ఒక రకం, రెండో సగం పూర్తిగా ఇంకో రకం. లోయ అడుగున వాగు, చెట్లు, నీడ, దాదాపు రోడ్డు లాంటి బాట. పైన రైజింగ్ సన్ ట్రెయిల్ మీద ఎండ, పొదలు, సన్నని మట్టిదారి. చాలామంది లోయలో నీడని చూసి సిద్ధమవుతారు. అసలు సిద్ధం కావాల్సింది గట్టు మీద నడకకి.

అందుకే ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది ముందే తేల్చుకోండి. నా ఓటు రైజింగ్ సన్‌కి. పొద్దున్నే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎక్కేస్తే, తిరిగి వచ్చేటప్పుడు నీడలో వాగు పక్కన నింపాదిగా దిగొచ్చు. తిరగేసి వెళ్తే మిట్టమధ్యాహ్నానికి గట్టు మీద ఉంటారు, సీసాలో నీళ్లు అడుగంటి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే చుట్టు తిరగాలన్న పట్టుదల వద్దు. లోయ బాటలోనే వెళ్లి, అదే బాటలో తిరిగి రండి. చూడాల్సింది చాలావరకు అటువైపే ఉంది.

"రెంటచింతల ఎండ చూసినవాళ్లం, ఇదొక ఎండా?" అనే మాట వినిపిస్తుంది. రెంటచింతలలో మధ్యాహ్నం పన్నెండుకి ఎవరూ కొండెక్కరు, ఆ సంగతి మాత్రం మరిచిపోతారు. పైగా ఇక్కడి గాలి పొడిగా ఉన్న రోజుల్లో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒళ్లు తడవదు కాబట్టి నీళ్లు పోతున్నట్టు తెలియదు. మే, జూన్ నెలల్లో ఇంకో మోసం ఉంది. సముద్రం మీద నుంచి వచ్చిన మబ్బు పొద్దున్నంతా కప్పేసి చల్లగా ఉంటుంది. పది, పదకొండుకి అది విడిపోయిందంటే ఎండ ఒక్కసారిగా దిగుతుంది. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఉప్పగా తినడానికి ఏదైనా, టోపీ పెట్టుకోండి. వాగులో నీళ్లు తాగడానికి పనికిరావు.

పెద్దవాళ్ల విషయంలో ఇంకొంచెం ఆలోచించాలి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, అలాంటివి వాడేవాళ్లకి ఎండలో నీళ్లు త్వరగా తగ్గిపోతాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని కారులో వదలొద్దు, మూసిన కారు వేడికి మందు పాడవుతుంది. షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి గ్లూకోజ్ బిళ్లలో, చాక్లెట్లో జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు. తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, కండరాలు పట్టేయడం మొదలైతే నీడలో కూర్చోబెట్టి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించి, అక్కడితో నడక ఆపేయాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా చూసినా అది వడదెబ్బ. తడి గుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ వెంటనే 911కి ఫోన్ చేయాలి. ఊరి నుంచి వచ్చినవాళ్లకి ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందా, ఆ కార్డు ఫొటో మీ ఫోన్‌లో ఉందా అన్నది ఇంట్లోనే చూసుకోండి. చెప్పులతో రావద్దని కూడా అక్కడే చెప్పాలి. పార్కింగ్‌లో చెబితే ప్రయోజనం లేదు.

ఇక మంటల సంగతి. దీని గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. శరత్కాలం నుంచి చలికాలం దాకా ఎడారి వైపు నుంచి సముద్రం వైపు శాంటా ఆనా గాలులు వీస్తాయి. పొడిగా, జోరుగా వచ్చే ఆ గాలికి వేసవంతా ఎండిన పొదలు నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి. 2007 నవంబరులో ఇక్కడ చెలరేగిన కారల్ మంటలకి మూలం, పైన కొండ గుహలో కొందరు కుర్రాళ్లు వేసుకున్న చలిమంట. యాభైకి పైగా ఇళ్లు కాలిపోయాయి. లోయలో ఉన్న కెల్లర్ రాతి ఇల్లు కూడా అప్పుడే కాలి మొండిగోడలు మిగిలింది. 2018 నవంబరులో వూల్సీ మంటలు ఈ కొండల్లోని నేషనల్ పార్క్ సర్వీస్ భూమిలో 88 శాతాన్ని కాల్చేశాయి.

లోయ చివర అందరూ ఫొటోలు దిగే ట్రాపికల్ టెరస్ కూడా కాలిపోయిన ఇల్లే. 1952లో పాల్ విలియమ్స్ రాబర్ట్స్ కుటుంబం కోసం దాన్ని డిజైన్ చేశాడు. అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థలో సభ్యత్వం పొందిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్ట్ ఆయన. మంటలొస్తే ఆర్పుకోవడానికి ఆ ఇంటికి వాగు నీళ్లతో పంపులు, గొట్టాలు అమర్చుకున్నారు. యజమాని పోయాక వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1982లో మంటలొచ్చి ఇల్లు కాలిపోయింది. ఇప్పుడు పొగగొట్టాలు, మెట్లు, గచ్చు, చుట్టూ ఎవరో ఒకప్పుడు నాటిన తాటిజాతి చెట్లు మాత్రం ఉన్నాయి. ఆ గోడలెక్కి సెల్ఫీలు దిగొద్దు, రాళ్లు వదులుగా ఉంటాయి.

కాబట్టి వెళ్లే ముందురోజు సాయంత్రం, మళ్లీ పొద్దున, నేషనల్ వెదర్ సర్వీస్ 'రెడ్ ఫ్లాగ్' హెచ్చరిక, అంటే మంటల ప్రమాదం ఉందన్న హెచ్చరిక, ఇచ్చిందేమో చూడండి. ఇస్తే ప్రోగ్రాం రద్దు. బంధువుల ఫ్లైట్ ఎల్లుండి అయినా సరే. పార్కు తెరిచి ఉందా, హైవే తెరిచి ఉందా అన్నది కూడా చూసుకోవాలి. 2025 జనవరి పాలిసేడ్స్ మంటల తర్వాత పసిఫిక్ కోస్ట్ హైవేలో కొంత భాగాన్ని మే నెల దాకా మామూలు రాకపోకలకి తెరవలేదు. స్టవ్వు, బొగ్గుల పొయ్యి, సిగరెట్టు, అగరొత్తి ఏదీ వద్దు. పులిహోర చల్లగానే బాగుంటుంది.

నడుస్తుండగా పొగ కనిపిస్తే వీడియో తీయొద్దు, ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని పైకి ఎక్కొద్దు. మంట ఎగువకి మనకంటే వేగంగా పరిగెడుతుంది. వెంటనే కారు దగ్గరకి, అక్కడి నుంచి హైవే మీదకి వెళ్లిపోవాలి. అందరి కార్లూ ఒకే రోడ్డున దిగాలి కాబట్టి ఐదు నిమిషాల ఆలస్యం కూడా ఎక్కువే. లోయలో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. డిసెంబరులో ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. సోస్టోమో, డీర్ వ్యాలీ అనే పక్కదారుల బోర్డులు చూసి "ఇదీ చూసేద్దాం" అనుకుంటే నడక రెట్టింపు అవుతుంది.

వానల తర్వాత వేరే గొడవ. చిన్న జలపాతం అప్పుడే బాగుంటుంది, కానీ దాని పక్క రాళ్లు పాచిపట్టి జారతాయి. కాలిన కొండ మీద వాన పడితే బురద, రాళ్లు కలిసి దిగుతాయి. వాన పడుతున్నప్పుడు, ఆగిన వెంటనే లోయలోకి వెళ్లొద్దు.

ర్యాటిల్ స్నేక్‌లు, అంటే తోక ఆడించి చప్పుడు చేసే విషపాములు, వెచ్చని నెలల్లో దారి మీదే పడుకుంటాయి. ప్రతిసారీ చప్పుడు చేసి హెచ్చరిస్తాయని నమ్మకం లేదు. చెయ్యి పెట్టే రాయి, కాలు వేసే చోటు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. కాటేస్తే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం ఏవీ చేయొద్దు. ఆ కాలో చెయ్యో వాచేలోపు ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, మనిషిని ఎక్కువ కదలనీయకుండా 911కి ఫోన్ చేయండి. మందు ఆసుపత్రిలోనే ఉంది. మౌంటెన్ లయన్ (పెద్దపిల్లి జాతి అడవి జంతువు) కనిపించడం చాలా అరుదు. కనిపిస్తే పరిగెత్తకుండా, పిల్లల్ని ఎత్తుకుని, గట్టిగా అరుస్తూ వెనక్కి జరగాలి.

కారులో బ్యాగులు, ముఖ్యంగా పాస్‌పోర్టులు, కనిపించేలా వదిలి వెళ్లొద్దు. శనాదివారాల్లో పార్కింగ్ త్వరగా నిండుతుంది, ఎనిమిదికల్లా చేరుకోండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది పాయిజన్ ఓక్ మొక్క. వాగు పక్క నీడలో మారేడు దళంలా మూడేసి ఆకులతో ఉంటుంది, ఎండాకాలం చివర ఎర్రబడి ఇంకా అందంగా కనిపిస్తుంది. దద్దుర్లు తెప్పించేది దాని నూనె, ఆకులు రాలిన ఉత్త పుల్లలకీ అది ఉంటుంది. తగిలిందని అప్పటికప్పుడు తెలియదు, సాధారణంగా ఒకటి రెండు రోజులకి దద్దుర్లు, దురద మొదలవుతాయి. అందుకే ఇంటికి రాగానే సోఫాలో కూలబడకుండా ముందు సబ్బుతో చల్లటి నీళ్లతో చేతులు, కాళ్లు కడగండి. బట్టలు విడిగా ఉతకండి. బూట్ల లేసులు, చేతికర్ర, కుక్క ఉంటే దాని ఒళ్లు కూడా కడగాలి, నూనె వాటి మీద నుంచీ అంటుకుంటుంది. స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, నడుము దగ్గర, పిల్లల చెవుల వెనక పేలపురుగుల్లాంటి టిక్‌లు పట్టుకున్నాయేమో చూడండి. ఉంటే ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగేయాలి. దద్దుర్లు ముఖం మీదకి, కళ్ల దగ్గరకి వచ్చినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఇంటి వైద్యం మానేసి డాక్టరు దగ్గరకి వెళ్లండి.