టీమ్ పెరుగుతుంటే ఒక్కో పనికి ఒక్క పేరే
స్టార్టప్‌లో ఐదుగురు ఉన్నప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10. అదే 15 మంది అయ్యేసరికి 105. మనుషులు మూడు రెట్లే పెరిగినా, మాట తప్పిపోయే దారులు పది రెట్లు దాటాయి. అందుకే జీతాల చెల్లింపు, కస్టమర్ ఫిర్యాదులు, సర్వర్ బిల్లుల్లాంటి మళ్లీ మళ్లీ వచ్చే పనులన్నీ ఒక షీట్‌లో రాసి, ప్రతి పనికీ ఎదురుగా ఒక్కరి పేరే పెట్టండి. ఇద్దరి పేర్లు రాస్తే, అవతలివాళ్లు చూసుకుంటారులే అని ఇద్దరూ వదిలేస్తారు. ఆ మనిషి సెలవు పెడితే ఎవరు చూడాలో పక్క గడిలో ఉండాలి. పని చేసే పద్ధతిని కూడా ఆ పని చేసేవాళ్లతోనే రాయించండి, అసలు చిక్కులు తెలిసేది వాళ్లకే. ఫౌండర్ పేరు మరీ ఎక్కువ వరుసల్లో కనిపిస్తే, వాటిలో రెండు మూడు పనులు ఈ వారమే వేరేవాళ్లకు అప్పగించండి.